సముద్రానికి వీపు, మక్కాకు ముఖం

పుదుచ్చేరి పట్టణం దాటి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు సాగితే, అరియాంకుప్పం నది కడలిలో కలిసే చోటికి చేరువగా వీరాంపట్టినం కనిపిస్తుంది. అది బెస్తల పల్లె. తెల్లవారేసరికి రాత్రి వేటకు పోయిన పడవలు ఒడ్డుకు చేరుకుంటాయి. ఇసుకపై వలలు పరచుకుంటాయి, చేపల బేరం మొదలవుతుంది. సూర్యబింబం తిన్నగా నీళ్లలోనుంచే పైకి వస్తుంది. ఇక్కడ పుట్టిన పసివాడికి సైతం తూర్పు ఏదో ఒకరు చూపనక్కరలేదు.

ఈ పల్లెకు పేరు తెచ్చినవి రెండు. ఒకటి సెంగళునీర్ అమ్మన్ రథోత్సవం. తమిళుల ఆడి మాసంలో జరిగే ఈ ఉత్సవంలో ఫ్రెంచి పాలనాకాలాన గవర్నరే వచ్చి తేరు తాడు పట్టేవాడు. ఫ్రెంచివారు వెళ్లిపోయినా ఆ ఆచారం నిలిచింది. నేటి లెఫ్టినెంట్ గవర్నర్లు దానిని పాటిస్తున్నారు. రెండవది ఊరికి ఆనుకొని నది ఒడ్డున ఉన్న అరికమేడు దిబ్బ. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని మృణ్మయ పాత్రలు, ద్రాక్షసారాయి జాడీల పెంకులు బయటపడ్డాయి. 1989 నుంచి 1992 వరకు విమలా బేగ్లీ జరిపిన తవ్వకాలు ఈ రేవు చరిత్రను మరింత వెనక్కు, మరింత ముందుకు కూడా పొడిగించాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం ‘పెరిప్లస్’లో పొదుకే అని పేర్కొన్న రేవు ఇదేనని పండితులు తలుస్తారు.

అంటే ఇస్లాం అవతరణకు అయిదారు వందల ఏళ్ల ముందే అరేబియా తీరానికీ దక్షిణ భారతానికీ నడుమ సముద్రమార్గం అలవాటైన బాట. నైరుతి ఋతుపవనంతో రావడం, ఈశాన్య పవనంతో మరలిపోవడం, రాత్రివేళ నక్షత్రాలు ఉదయించే, అస్తమించే స్థానాలను బట్టి దిక్కు తెలుసుకోవడం, ఇవి ఆ నావికుల విద్యలు. పదిహేనవ శతాబ్దంలో అరబ్బు నావికాచార్యుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ క్షితిజాన్ని 32 దిశలుగా విభజించి, వాటిని నక్షత్రాల పేర్లతోనే వర్ణించాడు. ఈ తూర్పు తీరాన స్థిరపడిన మరక్కాయర్లు ఆ సముద్ర సంబంధానికి వారసులు. పుదుచ్చేరి పట్టణంలో ముల్లా వీధి, ఖాజీ వీధి అనే పేర్లు నేటికీ వినిపిస్తాయి. ఆ వీధుల్లో అజాన్ పిలుపు వినగానే నమాజుకు నిలబడేవాడు సముద్రానికి వీపు పెడతాడు. పిదప పడమటి నుంచి కుడిచేతివైపు కొద్దిగా మళ్లుతాడు. ఇక్కడి నుంచి మక్కా దాదాపు 4,400 కిలోమీటర్లు. భూగోళంపై లెక్క కట్టితే దాని దిశ సరిగ్గా పడమర కాదు, పడమటికి ఉత్తరంగా సుమారు 19 డిగ్రీలు.

ఈ చిన్న మళ్లింపు వెనుక పద్నాలుగు వందల ఏళ్ల వాదప్రతివాదాలు ఉన్నాయి.

మొదటి ఆక్షేపణ మదీనాలోనే వచ్చింది. 622లో ప్రవక్త ముహమ్మద్ మక్కా విడిచి అక్కడికి వెళ్లిన తరువాత పదహారు పదిహేడు నెలల పాటు ముస్లిములు జెరూసలేము వైపు తిరిగి ప్రార్థించారు. 624లో కాబా వైపు తిరగవలసిందిగా ఆదేశం వచ్చింది. ఖుర్ఆన్ రెండవ అధ్యాయం ఈ మార్పును సుదీర్ఘంగా ప్రస్తావిస్తుంది. మదీనాలోని ‘రెండు ఖిబ్లాల మసీదు’ ఆ సంఘటనకు స్మారకంగా నిలిచింది. నిన్నటి దిక్కు సరియైనదైతే నేడు మార్చడమెందుకు, నేటిది సరియైనదైతే నిన్నటి ప్రార్థనలన్నీ వ్యర్థమేనా అని ప్రత్యర్థులు ప్రశ్నించారు. సూటియైన ప్రశ్న. దానికి వచ్చిన సమాధానం అంతకంటె సూటియైనది. తూర్పు, పడమరలు రెండూ దైవానివే. దిక్కులో మహిమ లేదు, ఆజ్ఞను పాటించడంలో ఉన్నది. పాత దిక్కుకు చేసిన ప్రార్థనలు వృథా కావు.

మనుషులు కల్పించిన మతమైతే ఇంతటి ఇబ్బందికరమైన మార్పును తన గ్రంథంలోనే దాచుకుంటుందా అని విశ్వాసులు అడుగుతారు. ఈ తర్కం అందరినీ ఒప్పించకపోవచ్చు. కాని తన విమర్శకుల ప్రశ్నను చెరపక, దానిని పవిత్ర గ్రంథంలోనే నిలిపి ఉంచిన నిజాయితీని మాత్రం ఎవరూ కాదనలేరు.

రెండవ ఆక్షేపణ మన దేశంలో తరచుగా వినవచ్చేది: విగ్రహాలను నిరాకరించేవారు ఒక రాతికట్టడానికి ఎందుకు మొక్కుతారు? దీనికి శాస్త్రం చెప్పే జవాబు కంటె చరిత్ర చెప్పే జవాబు బలమైనది. 930లో ఖర్మతీయులనే తిరుగుబాటుదారులు మక్కాపై పడి, కాబా మూలలోని నల్లరాతిని పెకలించి తూర్పు అరేబియాకు తరలించుకుపోయారు. అది 951లో గాని తిరిగి రాలేదు. ఆ ఇరువది ఏళ్లలో లోకంలోని ముస్లిములు ఎవరూ రాయి ఉన్న చోటికి ముఖం తిప్పలేదు. ఖాళీ అయిన మూల వైపే నిలబడ్డారు. పదిహేడవ శతాబ్దంలో వరదకు కాబా గోడలు కూలి, తిరిగి కట్టే వరకు ప్రార్థన ఆగలేదు, దిక్కు మారలేదు. ఆ రాయి మేలు గాని కీడు గాని చేయజాలదని రెండవ ఖలీఫా ఉమర్ బాహాటంగానే చెప్పిన మాట హదీసు గ్రంథాలలో ఉంది. సంధ్యవార్చే బ్రాహ్మణుడు తూర్పుకు నిలిచి సూర్యబింబాన్నే పరబ్రహ్మమనుకుంటాడా అని ఎవరైనా అడిగితే తెలుగు పాఠకునికి ఈ సూక్ష్మం వెంటనే బోధపడుతుంది.

మూడవ ఆక్షేపణ మన కాలపుది, తక్కిన రెండింటికన్న లోతైనది. ఇస్లాం మక్కాలో పుట్టనే లేదని, దాని తొలి క్షేత్రం వాయవ్య అరేబియాలో ఎక్కడో ఉండేదని 1977లో పాట్రీషియా క్రోన్, మైకేల్ కుక్ అనే పండితులు సూచించారు. 2011లో కెనడాకు చెందిన డాన్ గిబ్సన్ మరొక అడుగు ముందుకు వేశాడు. తొలి శతాబ్దపు మసీదుల గోడలను కొలిచి, అవి మక్కాను గాక జోర్డానులోని పెట్రా నగరాన్ని చూస్తున్నాయని ప్రకటించాడు. ఇది నిజమైతే కూలేది ఒక దిక్కు మాత్రమే కాదు. ప్రవక్త జీవితమే వేరొక చోట జరిగిందని, మిగిలినదంతా తరువాతి కల్పన అని అనవలసి వస్తుంది. ఐదు పూటలా మక్కాకు తిరిగే కోట్లాది ప్రజలకు ఇంతకంటె పెద్ద సవాలు ఉండబోదు.

ఈ వాదానికి సమాధానం వీరాంపట్టినం పరిసరాలలోనే కొంత దొరుకుతుంది. 1768లో ల జాంతీ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పుదుచ్చేరికి వచ్చాడు. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోయే అరుదైన దృశ్యాన్ని గమనించడం అతని పని. ఏడాదికి పైగా కాచుకొని ఉండగా 1769 జూన్ 4 ఉదయాన మబ్బు కమ్మింది; సరిగ్గా ఆ సమయం గడచిన తరువాత విడిపోయింది. పాపం, అంత దురదృష్టవంతుడైన శాస్త్రజ్ఞుడు మరొకడు ఉండడేమో! అతడు ఊరక కూర్చోలేదు. గవ్వలతో గ్రహణాలు గణించే తమిళుల పద్ధతిని నేర్చుకున్నాడు. వీరాంపట్టినం ప్రజలు నది ఒడ్డున పాత ఇటుకలు ఏరుకోవడం చూసి రాసిపెట్టాడు. అరికమేడు గురించి ఐరోపాకు అందిన తొలి కబురు అదే.

అయితే శుక్రుని కోసం దేశాలు దాటి రావలసిన అవసరమేమిటి? సూర్యుని దూరం తేల్చడానికి. దానికి పరిశీలకుడు నిలిచిన చోటి రేఖాంశం సరిగ్గా తెలియాలి. అక్షాంశం ధ్రువనక్షత్రం ఎత్తును బట్టి తెలుస్తుంది. రేఖాంశం అలా కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో దుర్భిణులు, లోలక గడియారాలు ఉన్నవారికే అది తలకు మించిన పని. ఏడవ శతాబ్దంలో ఎడారిలో తాళ్లు పట్టి మసీదు హద్దులు గీసిన సైనికులకు రెండు దూరపు ఊళ్ల మధ్య దిశను డిగ్రీలలో తేల్చే సాధనమే లేదు. మక్కాను గురి చూడలేనివారు పెట్రాను మాత్రం ఎలా గురి చూడగలరు? ఖగోళశాస్త్ర చరిత్రకారుడు డేవిడ్ కింగ్ గిబ్సన్‌కు చెప్పిన ప్రధాన సమాధానం ఇదే. ఆ గోడలు పెట్రాను చూస్తున్నట్లు కనిపించడం కాకతాళీయమని ఆయన నిరూపించబూనాడు.

మరి వారు దేనిని చూశారు? ఆకాశాన్ని చూశారు. కాబా కట్టడం స్వయంగా ఖగోళ దిశలలో నిలిచి ఉంది. దాని పొడవైన ఇరుసు అగస్త్య నక్షత్రం ఉదయించే వైపును, పొట్టి ఇరుసు వేసవి సూర్యోదయాన్ని, శీతకాల సూర్యాస్తమయాన్ని సూచిస్తాయి. అరబ్బులు సుహైల్ అని పిలిచే ఆ అగస్త్యుడే శీతకాలపు రాత్రులలో వీరాంపట్టినం దక్షిణాకాశాన వెలుగుతాడు. కాబాలోని ఒక్కొక్క గోడ భాగానికి ఎదురుగా ఒక్కొక్క దేశం ఉన్నట్లు భావించి, ఆ గోడ ఎదుట నిలబడితే ఏ నక్షత్రం ఎక్కడ ఉంటుందో దానినే తమ ఊరిలో అనుసరించడం నాటి పద్ధతి. ఈజిప్టులో 641–42 ప్రాంతాన అమ్ర్ కట్టించిన మసీదు శీతకాల సూర్యోదయం వైపుకు నిలిచింది. అది తూర్పుకు మరీ వాలిందని తోచి, ఎనిమిదవ శతాబ్దారంభంలో పునర్నిర్మించినప్పుడు సవరించినట్లు అరబ్బు చరిత్రకారులు రాశారు. తప్పు తెలిసినవారు ఎటు దిద్దుకున్నారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. దక్షిణానికి, అంటే మక్కా వైపుకే దిద్దుకున్నారు.

మరొక సాక్షి ముస్లిము కాదు. 708లో మరణించిన ఎదెస్సా యాకోబు సిరియా దేశపు క్రైస్తవ బిషప్పు. ఈజిప్టులోని ముస్లిములు తూర్పుకు, ఇరాకులోనివారు పడమటికి, సిరియాలోనివారు దక్షిణానికి తిరిగి ప్రార్థిస్తారని ఒక లేఖలో వివరించాడు. ఈజిప్టులో కంటితో చూశానన్నాడు. వారందరి గమ్యం కాబా అని పేరు పెట్టి మరీ రాశాడు. అతడు చెప్పిన దిక్కులు స్థూలమైనవి, వాటితో ఊరిని గుర్తించలేము. కాని అంత స్థూలంగానే నాటి ప్రజలు నిలబడేవారన్న సంగతి వాటివల్లనే తెలుస్తుంది.

లెక్క తరువాత వచ్చింది. భారతదేశాన్ని గురించి మహాగ్రంథం రచించిన అల్ బిరూనీ 1025లో గజనీ నుంచి మక్కా దిశను గోళీయ త్రికోణమితితో సాధించే గ్రంథాన్ని పూర్తి చేశాడు. పద్నాలుగవ శతాబ్దంలో దమాస్కసుకు చెందిన అల్ ఖలీలీ ప్రతి అక్షాంశ రేఖాంశానికీ దిశను చూపే పట్టికలు కట్టాడు. అయినా పాత మసీదులను ఎవరూ పడగొట్టలేదు. దూరాన ఉన్నవారికి ఆ వైపుకు తిరగడమే చాలునని, బాణం గురి వంటి ఖచ్చితత్వం అక్కరలేదని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. హైదరాబాదులో మక్కా దిశ పడమటికి ఉత్తరంగా సుమారు 13 డిగ్రీలు. 1617లో ముహమ్మద్ ఖుతుబ్‌షా మొదలుపెట్టగా 1694లో ఔరంగజేబు కాలాన పూర్తియైన అక్కడి మక్కా మసీదు నడిమి కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలు ఉన్నాయని ప్రతీతి. అంత దూరం నుంచి మట్టిని మోసుకొచ్చినవారికి డిగ్రీలు ఒక లెక్కా!

ఇంతటితో ఇస్లాం దైవదత్తమని రుజువైనట్లేనా? కాదని ఒప్పుకోవాలి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని ఖుర్ఆన్ పత్రాల చర్మం 568కి, 645కు మధ్య కాలానిదని, 95 శాతానికి పైగా సంభావ్యతతో, రేడియోకార్బన్ పరీక్షలో తేలినట్లు 2015లో ప్రకటించారు. ఆ పరీక్ష తోలు వయస్సు చెప్పగలదు; దానిపై ఉన్న వాక్కు ఎక్కడి నుంచి దిగివచ్చిందో చెప్పలేదు. అది విశ్వాసానికి సంబంధించినది. అయితే వంకర గోడలను చూపి విశ్వాసాన్ని కొట్టిపారేయబూనడం కూడా చెల్లదు. కొలబద్ద పట్టుకొని వచ్చినవారు కొలబద్దకే జవాబు చెప్పాలి.

ఈ దిక్కును చూడదలచిన వారికి సాధనాలేవీ అక్కరలేదు. ఏటా రెండు పర్యాయాలు, మే 27 లేక 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 15 లేక 16న 2 గంటల 57 నిమిషాలకు, సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన అక్కడ నీడ ఉండదు. అదే క్షణాన వీరాంపట్టినం ఇసుకలో ఒక గెడను నిటారుగా పాతితే, దాని నీడ గెడ కంటె కొంచెం పొట్టిగా, సముద్రం వైపుకు పడుతుంది. నీడ కొస నుంచి గెడ మొదలు వైపుకు చూసిన చూపు తిన్నగా మక్కాకు పోతుంది. ఒడ్డున వలలు బాగుచేసుకొంటూ నిలుచున్న బెస్తల నీడలు కూడా ఆ నిమిషాన అదే గీతపై పడి ఉంటాయి.