చివరి మూడు వారాలు

దూరపు పరుగు కాళ్ల బలానికి పరీక్ష అని లోకం భావిస్తుంది. ఆ బలాన్ని కూడబెట్టడానికి నెలలు పడుతుంది. కూడబెట్టిన దానిని పందెం నాటి వరకు చెక్కుచెదరకుండా కాపాడుకోవడం అంతకన్నా కఠినమైన పరీక్ష. అది చివరి మూడు వారాలలో ఎదురవుతుంది. అప్పటివరకు రోజురోజుకూ ఎక్కువ చేయడానికి అలవాటుపడిన మనిషి అప్పుడు తక్కువ చేయడం నేర్చుకోవలసి వస్తుంది.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1896లో ఏథెన్సు నగరంలో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో ఇది సుమారు 40 కిలోమీటర్లే. 1908లో లండన్ ఒలింపిక్స్ సందర్భంగా విండ్సర్ కోట నుండి క్రీడాప్రాంగణం వరకు కొలిచిన దూరం 1921లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. ఏథెన్సులో గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసి జీవించిన సామాన్యుడు. ఈ పందెం మొదటినుండీ సామాన్యులను పిలుస్తూనే ఉంది. పంజాబులో పుట్టిన ఫౌజా సింగ్ 2000వ సంవత్సరంలో, 89 ఏళ్ల వయస్సులో, లండన్‌లో తన తొలి మారథాన్ పరుగెత్తారు. 2011లో నూరేళ్ల వయస్సులో టొరంటోలో మరొకటి పూర్తిచేశారు.

తెలుగునాట ఏటా ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్ ఇటువంటి సామాన్యుల పండుగ. తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద మొదలై, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు దాటి గచ్చిబౌలిలో ముగుస్తుంది. పాల్గొనే స్త్రీపురుషులలో అధికులు ఉద్యోగాలు, వ్యాపారాలు, చదువులు సాగిస్తూ తెల్లవారుజామును మాత్రమే తమదిగా మిగుల్చుకున్నవారు. నల్లగొండ జిల్లా చిట్యాల వంటి చోట ఉండి ఆ పందేనికి సిద్ధమయ్యే సాధకునికి దారే మైదానం, గడియారమే గురువు.

చిట్యాల హైదరాబాదు, విజయవాడ నగరాలను కలిపే జాతీయ రహదారి మీది పట్టణం. ఒకప్పుడు 9వ నంబరుగా, ఇప్పుడు 65వ నంబరుగా పిలిచే ఆ రహదారి మీద బస్సులు, లారీలు రాత్రంతా తెరిపి లేకుండా సాగుతాయి. నున్నని తారురోడ్డు కాళ్లను ఊరిస్తుంది. కాని చీకటిలో వేగంగా వచ్చే వాహనచోదకునికి పరుగెత్తే మనిషి కనిపించకపోవచ్చు. 114 ఏళ్లు జీవించిన ఫౌజా సింగ్ సైతం 2025 జూలైలో తన ఊరి దగ్గర రహదారి మీద వాహనం ఢీకొని మరణించారు. అందువల్ల వివేకం గల సాధకుడు రహదారిని వదలి రామన్నపేట వైపు, ఉరుమడ్ల వైపు సాగే దారులను ఎంచుకుంటాడు. అక్కడ కూడా లేతరంగు దుస్తులు ధరించి, వాహనాలకు ఎదురుగా పరుగెత్తుతాడు.

పందేనికి మూడు వారాల ముందు సాధనలోకెల్లా దీర్ఘమైన పరుగు ఉంటుంది. సాధారణంగా అది 30 నుండి 32 కిలోమీటర్లు. పూర్తి దూరాన్ని ముందే ఒకసారి పరుగెత్తి చూసుకోవాలన్న కోరిక సహజమే. అయితే ఆ అలసట తీరడానికి మూడు వారాలు చాలకపోవచ్చు. దీర్ఘమైన పరుగుతో కూడబెట్టే పని ముగుస్తుంది. వారానికి 60 కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు ఉన్నవారు ఆపైన మొదటి వారం 45కు, రెండవ వారం 35కు, చివరి వారం 20కి దిగుతారు. దీనిని టేపరింగ్ అంటారు. అనేక అధ్యయనాలను కలిపి 2007లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, రెండు వారాల పాటు దూరాన్ని 41 నుండి 60 శాతం వరకు తగ్గించి, పరుగు తీవ్రతను యథాతథంగా ఉంచినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంటుంది. అంటే పని తగ్గాలి గాని పదును తగ్గకూడదు.

ఈ విరామంలో శరీరం ఊరక ఉండదు. శ్రమ వల్ల కండరాలలో ఏర్పడిన సూక్ష్మమైన గాయాలు మానుతాయి. కండరాలు, కాలేయం గ్లైకోజెన్ రూపంలో ఇంధనాన్ని నింపుకుంటాయి. 30 కిలోమీటర్లు దాటిన తరువాత ఈ నిల్వ అడుగంటితే కాళ్లు సీసపు గుండ్లవలె బరువెక్కుతాయి.

నల్లగొండ రైతుకు ఈ రహస్యం కొత్తది కాదు. బత్తాయి తోట పెంచేవాడు పూతకు ముందు కొన్ని వారాలు నీరు పెట్టడం మానుతాడు. ఆకులు వాడి రాలుతుంటే, తెలియనివాడు తోట ఎండిపోతున్నదని కంగారుపడతాడు. తెలిసిన రైతు ఓర్చుకుంటాడు. అదను చూసి ఎరువు వేసి నీరు పెడితే చెట్టు చెట్టంతా పూతకు వస్తుంది. జాలిపడి మధ్యలోనే నీరు పెట్టినవాడు ఆ పూతను పోగొట్టుకుంటాడు. ఆపడం కూడా సేద్యంలో భాగమే.

అయితే ఆగడం మనస్సుకు రుచించదు. పరుగు లేని ఉదయం ఏదో తప్పు చేసినట్లు అనిపిస్తుంది. నిన్నటివరకు లేని మోకాలి నొప్పి ఇవాళ పుట్టుకొస్తుంది. చిన్న తుమ్ము పెద్ద జబ్బుకు నాందిగా తోస్తుంది. సాధించినదంతా జారిపోతున్నదేమోనన్న అనుమానం నిద్ర చెడగొడుతుంది. ఆ భయంతో దొంగచాటుగా మరొక దీర్ఘమైన పరుగు తీసినవారు నెలల కష్టాన్ని ఒక్క ఉదయానికి ధారపోసినవారవుతారు. ఈ రెండు వారాలలో కొత్తగా వచ్చే బలం స్వల్పం, పోగల అలసట మాత్రం అధికం. ఈ మాట గుర్తున్నవారికి భయం సగం తగ్గుతుంది. నొప్పి నిజమైనదై, కదిలినకొద్దీ హెచ్చుతుంటే వైద్యునికి చూపించుకోవాలి. అవసరమైతే పందెమే మానుకోవాలి.

నల్లగొండ గడ్డమీద ఈ మాటకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. ఇక్కడి భూగర్భజలాలలోని ఫ్లోరైడ్ తరతరాల ఎముకలను కుంగదీసింది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో ఎన్నో ఊళ్ల నీరు ఆ హద్దును దాటింది. నడుము వంగి, కాళ్లు వంకరపోయి, నాలుగడుగులు వేయడమే మహాయాత్రగా బతికినవారు ఎందరో. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ఈ జిల్లా పేరు మీదుగానే నల్లగొండ టెక్నిక్ అని పేరు వచ్చింది. తరువాత కృష్ణాజలాలు వచ్చాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ, శుద్ధిచేసిన నీటిని కుళాయిల ద్వారా ఇళ్లకు అందించే పని చేపట్టింది. కాని ఒకసారి వంగిన ఎముకను ఏ నీరూ తిరిగి నిటారు చేయలేదు. నిటారైన కాళ్ల విలువ ఇంతగా తెలిసిన నేల మీద, వాటిని పంతానికి బలిపెట్టడం ధైర్యం అనిపించుకోదు.

చివరి వారంలో కొత్తదనం పనికిరాదు. అలవాటైన బూట్లనే వేసుకోవాలి, అలవాటైన తిండినే తినాలి. రెండు మూడు రోజుల ముందు నుండి అన్నం, ఇడ్లీ వంటివి కొంత పెంచి, నూనె, కారం తగ్గిస్తారు. ఆగస్టు ఉక్కలో చెమటతో నీరే గాక ఉప్పు కూడా పోతుంది కనుక ఉప్పు కలిపిన మజ్జిగ, నిమ్మనీరు మేలుచేస్తాయి. అట్లని దాహానికి మించి నీరు తాగడమూ ప్రమాదమే, దానివల్ల రక్తంలోని సోడియం పలుచబడుతుంది. ముందురాత్రి ఆదుర్దాతో నిద్ర పట్టకపోయినా బెంగపడనక్కరలేదు. అంతకుముందు కొన్ని రాత్రులు కంటినిండా నిద్రపోయి ఉంటే ఆ లోటు అంతగా బాధించదు.

పందెం నాటి చీకటిలో వేలాదిమంది నడుమ నిలిచినప్పుడు, దాచుకున్న శక్తి ఉరకలు వేస్తుంది. ఆఖరి పరీక్ష అక్కడే. మొదటి పది కిలోమీటర్లలో ఎందరు దాటిపోతున్నా తన వేగంతో తాను సాగినవాడు చివరి పది కిలోమీటర్లలో నిలదొక్కుకుంటాడు. మూడు వారాలు ఆగడం నేర్చినవానికి ఆ నిగ్రహం కొత్త కాదు. గచ్చిబౌలి చేరి, సాయంత్రానికి చిట్యాలకు తిరిగివచ్చి, మరునాడు మెట్లు దిగడం కష్టమైనా ఎప్పటివలెనే పనికి వెళతాడు. కొద్దిరోజులకు నొప్పులు తీరుతాయి. ఆ కాళ్లు మరుసటి ఏడాదికీ పనికివస్తాయి.