గుంతలో కుళాయి

మాది కనిగిరి వైపు పల్లె. మా తాలూకా ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో జనం నడుములు వంగిపోవడానికి తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు 1937లోనే రాశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పుట్టిన నేనూ ఆ నీళ్లే తాగి పెరిగాను.

అమ్మ బోరు నీళ్లు కాచి, వడకట్టి ఇచ్చేది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి మాకు తెలిసేసరికే అమ్మ మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుని అన్నం తినడం మానేసింది.

అందుకే పైపుల్లో మంచినీళ్లు వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. రోజు విడిచి రోజు, ఒక గంట. ధార సన్నగా ఉందని వీధిలో అందరిలాగే నేనూ కుళాయికి అర హెచ్‌పీ మోటారు బిగించాను. ఇరవై నిమిషాల్లో మిద్దె మీద ట్యాంకు నిండేది. అమ్మ కోసమే కదా అనుకున్నాను. తప్పనిపించలేదు.

కిందటి వేసవిలో పెళ్లి కార్డు ఇవ్వడానికి కాలనీకి వెళ్లాను. ఊరికీ అదే చివర, పైపుకీ అదే చివర. ఒక ఇంటి వాకిట్లో మోకాలి లోతు గుంత తవ్వి, పైపు కోసి, కుళాయిని అందులోకి దించారు. నేల మట్టానికి నీళ్లు ఎక్కవు, పల్లానికైతే కాస్త దిగుతాయి. గుంతలో బిందె పట్టదు. ఒక పెద్దావిడ అంచున కూర్చుని స్టీలు గ్లాసుతో పట్టి, పక్కనున్న బిందెలో పోస్తోంది. గ్లాసు నిండడానికి నేను అరవై దాకా లెక్కపెట్టాను. ఆమె ఒక కాలు చాపుకుని కూర్చుంది, మా అమ్మలాగే.

"ఎప్పటికి నిండుద్ది పెద్దమ్మా?"

"ఊళ్లో మోటార్లు ఆగినాక దిగుతాయి అబ్బయ్యా. అప్పటికి వాల్వు కట్టేస్తారు."

ఆ మాటలో కోపం లేదు. ఎండలు ముదిరాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను కార్డు ఇచ్చి, ఆమె ముఖం చూడలేక వచ్చేశాను.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. కాగితం మీద ఆ ఇంటికీ కుళాయి ఉంది, మా ఇంటికీ ఉంది. ఆమె వాటా నీళ్లను నా మోటారు దారిలోనే లాగేసుకునేది. వాన పడితే ఆ గుంతలో మురుగు నిలుస్తుంది. లైన్లో మోటార్లు లాగుతున్నప్పుడు కుళాయి తిప్పి ఉంటే ఆ మురుగే పైపులోకి ఎక్కుతుంది. పైపు వేసేటప్పుడే చివరి ఇంటికి ఒత్తిడి చాలుతుందా అని చూడాల్సింది. ఆ తప్పు నాది కాదు. మోటారు మాత్రం నాదే.

కుళాయికున్న మోటారు విప్పేసి, నేల కింద సంపు కట్టించాను. నీళ్లు వాటంతట అవే అందులోకి దిగుతాయి, అక్కడి నుంచి మిద్దెకు ఎక్కిస్తున్నాను. గంటలో సంపు సగమే నిండుతుంది. అమ్మకూ నాకూ సరిపోతోంది. "నువ్వొక్కడివి తీస్తే ఏమొరుగుద్ది?" అన్న పక్కింటాయన కూడా మొన్న తీసేశాడు.

మా వీధిలో ఇంకా పదకొండు మోటార్లున్నాయి. ఆ గుంత ఇంకా పూడలేదు. మీ కుళాయికి నేరుగా మోటారు బిగించి ఉంటే, దయచేసి విప్పేయండి.