జంట జలాశయాల నడుమ: జీవో 111 గ్రామాల పర్యటన

హైదరాబాదు నగరానికి పడమట మూసీ నదిపై ఉస్మాన్‌సాగర్, దానిలో కలిసే ఈసీ వాగుపై హిమాయత్‌సాగర్ అనే రెండు జలాశయాలు ఉన్నాయి. వాటి చుట్టూ రంగారెడ్డి జిల్లాలో విస్తరించిన 84 గ్రామాలు భూవినియోగ నియంత్రణ విషయంలో తెలంగాణలోని తక్కిన పల్లెల నుంచి వేరుగా నిలుస్తాయి. భూవినియోగ నియంత్రణ అంటే ఏ నేలను సేద్యానికి, ఏ నేలను నివాసానికి, ఏ నేలను పరిశ్రమకు వాడవచ్చునో, కట్టడానికి వీలున్న చోట ఎంత మేరకు కట్టవచ్చునో ప్రభుత్వం ముందుగానే నిర్ణయించడం. ఇది పట్టణాలకు చెందిన వ్యవహారమన్న భావన వ్యాప్తిలో ఉన్నప్పటికీ, దాని బలమూ బలహీనతా తేటగా బయటపడేది పొలాల మధ్యనేనని గండిపేట కట్ట మీద మొదలై చిలుకూరు, మొయినాబాదుల మీదుగా శంషాబాదు వైపు సాగే ఈ పర్యటన తెలియజేస్తుంది.

ఉస్మాన్‌సాగర్‌కు జనం వాడుకలో ఉన్న పేరు గండిపేట చెరువు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను నిలపాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించగా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయి, వరద రక్షణతో పాటు నగరానికి తాగునీటిని కూడా అందించాయి. కట్ట మీద నిలిచి చూసేవారికి నీటి అంచు ఋతువును బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని, ప్రభుత్వ లెక్కలో అంచు మారదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే ఎత్తును పూర్తి నీటిమట్టం అంటారు. అధికారులూ ప్లాట్ల వ్యాపారులూ ఒకే తీరున ఎఫ్‌టీఎల్ అని పిలిచే ఈ మట్టం ఉస్మాన్‌సాగర్‌కు సముద్రమట్టం నుంచి 1,790 అడుగులు. నీరు తీసిన ఏడాది బయటపడి సాగుకు పనికొచ్చే శిఖం భూమి కూడా ఈ గీతకు లోపలిదే కాబట్టి, ఎండిన నేల కనబడుతున్నంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు.

ఈ గీతనే ఆధారం చేసుకొని 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును (జీవో 111) జారీచేసింది. పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల వరకు కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది. మండలాల వారీగా 84 గ్రామాలను పేరుపేరునా పేర్కొన్నది. ఆ ప్రాంతంలో తొంభై శాతాన్ని సేద్యంతో కూడిన పరిరక్షణ, విహార వినియోగానికి ఉంచాలన్నది. కొత్త లేఅవుట్లలో అరవై శాతం నేలను రోడ్లకూ ఖాళీ స్థలాలకూ విడవాలన్నది. కట్టడాల పరిమాణానికి ఎఫ్‌ఎస్‌ఐ అనే కొలత పెట్టింది. అన్ని అంతస్తుల విస్తీర్ణాన్ని కలిపి స్థల విస్తీర్ణంతో పోల్చగా వచ్చే నిష్పత్తి ఇది. ఇక్కడ దాన్ని సగానికి పరిమితం చేశారు గనుక వెయ్యి గజాల స్థలంలో ఎన్ని అంతస్తులు లేపినా మొత్తం అయిదు వందల గజాలు దాటరాదు. పొగ వల్ల గాలిలో చేరే ఆమ్లాలు నీటిలోకి దిగకుండా రెండు జలాశయాల మధ్య పరిశ్రమలే ఉండరాదని కూడా ఉత్తర్వు చెప్పింది. అజీజ్‌నగర్ పరిసరాల్లో నడిచేవారు ఒక జలాశయాన్ని వెనుక విడిచి మరొకదాని వైపు సాగుతుంటారు కాబట్టి, కాగితంపై విడ్డూరంగా తోచే ఈ షరతులోని అర్థం అక్కడి నేల మీద సులభంగానే బోధపడుతుంది.

చిలుకూరు బాలాజీ గుడిని, మృగవని జాతీయ ఉద్యానాన్ని దాటి మొయినాబాదు చేరేసరికి ఉత్తర్వు ఊహించిన దృశ్యమూ అది ఊహించని దృశ్యమూ పక్కపక్కనే కనబడతాయి. ఒకవైపు కూరగాయల మళ్లు, పూలసాగుకు వేసిన పాలీహౌసులు, చేవెళ్ల దారికి నీడపట్టిన పాత మర్రిచెట్లు ఉంటే, మరోవైపు ఎత్తైన ప్రహరీలు, వాటికి ఇనుప గేట్లు, లోపల ఫాంహౌసులు, వాటి నడుమ పెళ్లిళ్ల కోసం లేచిన ఫంక్షన్ హాళ్లు. ఉత్తర్వు నంబరే ఇక్కడ ఊరిపేరులా స్థిరపడింది. ‘ట్రిపుల్ వన్’లో ఉందా లేదా అన్నదే భూమి బేరంలో తొలి ప్రశ్న, పరిధి దాటిన వెంచర్లు ఆ సంగతినే ఒక సుగుణంగా చాటుకుంటాయి.

ఊరి నడిబొడ్డున లెక్క వేరు. తరతరాల ఇళ్లున్న నివాస స్థలాన్ని రెవెన్యూ రికార్డులు గ్రామకంఠం అంటాయి. దానికి సేద్యపు సర్వే నంబరు ఉండదు గనుక అక్కడ ఇల్లు కట్టుకోవడానికి భూమి స్వభావాన్ని మార్పించుకోనక్కరలేదు. ఊరి వెలుపలి పట్టా భూమిలో కట్టాలంటే మాత్రం 2006 నాటి చట్టం కింద దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. జనం దీన్ని ‘నాలా’ అంటారు. ఇది రెవెన్యూ అనుమతి మాత్రమే. కట్టడానికి మరో అనుమతి, లేఅవుట్‌కు పట్టణ ప్రణాళికా యంత్రాంగం ఆమోదం వేరుగా కావాలి. ఒక కార్యాలయం ఇచ్చిన కాగితాన్ని అన్ని అనుమతులకూ సరిపోయేదిగా భావించి కొన్నవారి చిక్కులు ఈ తేడా తెలియకపోవడం నుంచే పుడతాయి.

శంషాబాదు మండలంలోని పెద్దషాపూరు ఈ ఉత్తర్వును దేశ న్యాయచరిత్రలోకి చేర్చింది. అక్కడ ఆముదపు నూనె ఆధారిత పరిశ్రమ పెట్టదలచిన ఒక సంస్థకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, రాష్ట్ర ప్రభుత్వం పది కిలోమీటర్ల నిషేధం నుంచి దానికి మినహాయింపునిచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, 1999 నాటి తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని, అంటే హాని జరుగుతుందని నిరూపణ అయ్యేదాకా ఆగక ముందే నివారించాలన్న నియమాన్ని విపులంగా చర్చించింది. 2000 డిసెంబరు తీర్పు ఆ మినహాయింపు చెల్లదని తేల్చింది. లక్షలాది జనం తాగే నీటి విషయంలో ఒక్క పరిశ్రమకు సడలింపు ఇచ్చినా నిషేధానికి అర్థం ఉండదన్న తర్కం దీని వెనుక ఉన్నది.

రైతు పక్షాన ఉన్న వాదన కూడా తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. నగరం తాగే నీటి కోసం పల్లె తన భూమి విలువను వదులుకోవలసి రాగా, ఉత్తర్వు పరిధికి అవతలి పొలం ధర పెరుగుతూ ఇవతలిది వెనుకబడటాన్ని రెండు తరాలు చూశాయి. ఆ నష్టానికి పరిహారమేదీ ఉత్తర్వులో లేదు. నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు చేరి, జంట జలాశయాలపై ఆధారపడటం బాగా తగ్గాక ఈ వాదనకు బలం పెరిగింది. నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆంక్షలను తొలగిస్తూ, మార్గదర్శకాల కోసం ఉన్నతాధికారుల సంఘాన్ని నియమించింది. 2023 మేలో 111వ నంబరు ఉత్తర్వును పూర్తిగా ఎత్తివేయాలని మంత్రివర్గం తీర్మానించింది. తాగునీరు ఇతర నదుల నుంచి వచ్చినా వరదను నిలిపే పని ఈ రెండు కట్టలదే గనుక పర్యావరణవాదుల అభ్యంతరం సమసిపోలేదు.

అయితే ఉంచాలా, తీయాలా అన్న చర్చలో మరుగున పడిన ఒక లోపాన్ని పొలాల మధ్య దారులే బయటపెడతాయి. ఈ 84 గ్రామాల విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు, అంటే దాదాపు 530 చదరపు కిలోమీటర్లు. వాన కురిస్తే రెండు జలాశయాలకూ నీరు వచ్చి చేరే నేల, అంటే పరీవాహక ప్రాంతం, రెండువేల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది గనుక, నియమం కాపాడేది అందులో సుమారు నాలుగో వంతు. ఆ నాలుగో వంతులోనూ దాని లెక్క ప్లాటు లోపలికే పరిమితం: ఎంత కట్టారు, ఎంత విడిచారు అన్నదే. వాన నీరు ప్లాటులో ఆగక ఒక చేను గట్టు దాటి, మరో చేను వాలులో పారి, కాలువలో పడి, వాగు చేరి చెరువుకు వస్తుంది. అరవై శాతం ఖాళీ వదిలి, సగం మేరకే ఇల్లు కట్టి, నియమాన్ని తు.చ. తప్పక పాటించిన ఫాంహౌసు కూడా తన చుట్టూ రాతి ప్రహరీ లేపి ఆ కాలువకు అడ్డుపడవచ్చు. ఎఫ్‌ఎస్‌ఐ లెక్కలో ప్రహరీ రాదు. నీటి కోసం పుట్టిన నియమం నీటి దారిని కొలవలేదు. ఇకముందు ఏ మార్గదర్శకాలు వచ్చినా ఉత్తర్వులోని గ్రామాల జాబితాతో పాటు వాగులూ కాలువల పటాన్ని కూడా జతచేస్తే తప్ప, ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు నాటిన చోటనే నిలిచి ఉన్నా వాటి దాకా రావలసిన నీరు దారిలోనే ఆగిపోతుంది.