చీటీ – ఆవర్జా

కొండపల్లిలో బొమ్మలు చేయువారి యిండ్లకు మా యిల్లు సమీపమున నున్నది. తెల్లపొనికి కొయ్యను చెక్కి, అవయవములను వేర్వేరుగ తీర్చి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో నతికి, సుద్ద పూసి, రంగులు వేయుట వారి వృత్తి. వారి సరకుల లెక్కకై నేను జావా భాషలో, వెబ్‌పై నడచు నొక చిన్న లెక్కల పుస్తకమును సిద్ధపఱచితిని.

పొరుగున నొక పిన్నిగారు కలరు. భర్త గతించిన పిదప పనియంతయు నామెయే చేయుచున్నను ఖాతా భర్త పేరనే నడచుచుండెను. ఒకనాడు ఆమె యెదుటనే ఫారములోని పేరు గడియందు ఆమె పేరు వ్రాసి మీట నొక్కితిని. తెరపై నా పేరు కనబడెను. ఆమె రెండు మారులు చదువుకొని సంతసించిరి. మఱునాడు ఖాతా తెఱచి చూడగా మరల భర్త పేరే యుండెను.

"నా పేరు నిలవదా, అబ్బాయీ?" అని మాత్ర మడిగిరి. సిగ్గుచే నాకు తల వంగినది.

దోషము నాదే. నేను వాడినది వికెట్ అను చట్రము. 2004లో జోనాథన్ లాక్ దానిని ప్రారంభించెను. 2007లో నది అపాచీ సంస్థ యొక్క ప్రధాన ప్రాజెక్టులలో చేరెను. అందు తెరపై గడి విలువకు యజమాని కాదు. దాని వెనుక మోడల్ అను మధ్యవర్తి యుండును. చూపవలసినదానిని గడి మోడల్‌నే యడుగును. మనము వ్రాసినది సరియని తేలిన పిదప దానికే యప్పగించును. ఫారములో నొక్క గడి తప్పైనను ఏ మోడలును మాఱదు.

నేను ఖాతానుండి పేరును మాత్రము తీసి యొక విడి మోడల్‌లో నుంచితిని. అది ఆవర్జానుండి చీటీపై నెత్తి వ్రాసికొన్న పేరువంటిది. పిన్నిగారి పేరు చీటీ కెక్కెను. నేను భద్రపఱచినది ఆవర్జాను. ప్రాపర్టీమోడల్ వాడియుండిన నిట్లు జరుగదు. ఈ ఖాతా, అందలి యీ స్థానము అని యది వ్రేలుపెట్టి చూపును. అచ్చటనే చదువును, అచ్చటనే వ్రాయును.

చదువరులారా! మన గృహములలో స్త్రీలకు మన మిచ్చు గౌరవము చాలవఱకు చీటీపై వ్రాత. శుభలేఖలో వారి పేరు ముచ్చటగ నచ్చువేయింతుము. ఇంటి పట్టాలో దానికి చోటుండదు.

నే నా యొక్క పంక్తిని దిద్దిన నాడు పిన్నిగారు వచ్చి, తెరను మూయించి, మరల తెఱపించి, తమ పేరును చూచుకొనిన పిమ్మటనే లేచి వెళ్లిరి.