ఏడు పాయింట్ల ఓటమి

మన పాఠశాల వార్షిక సంచికకై యేదైన నొక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకులు కోరిరి. చదువు నిమిత్తమై నేనిప్పుడు స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున నున్నాను. ఈ నగరపు కోటను గూర్చియు, వీథులను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. కావున వానిని విడిచి, ఇచ్చటి యొక చిన్న రగ్బీ క్లబ్బువారితో గూడి గడచిన మార్చి నెలలో పరస్థలమునకు బోయి చూచిన లీగు పందెమును గూర్చి వ్రాయదలచితిని.

మనవైపు రగ్బీ నెఱుగనివారే యెక్కువ గనుక ముందు రెండు మాటలు చెప్పవలెను. ఈ యాటబంతి గుండ్రనిది కాదు. పొడుగైన కోడిగ్రుడ్డు రూపము గలది. నేల బడినపు డెటు దూకునో దానికే తెలియదు. దానిని చేత బట్టి పరుగెత్తవచ్చును, కాలితో దన్నవచ్చును. గాని తోడివానికి చేతితో నందిచ్చునపుడు మాత్రము ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో యీయవలెను. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకొత్తినచో దానిని ‘ట్రై’ యందురు. అందుకు 5 పాయింట్లు. పిమ్మట రెండు కంబముల నడుమ, అడ్డుకొయ్య మీదుగా బంతిని దన్నినచో మఱి 2. ఎదుటివారు నియమము దప్పినపుడు దొరకు పెనాల్టీ తన్ను నెగ్గినచో 3. బంతి గలవానిని నడుము పట్టి పడద్రోయుట చూచినపుడు నాకు మన చెడుగుడు జ్ఞప్తికి వచ్చెను. అయితే చెడుగుడులో పట్టుబడినవాడు బయటికి బోవును. ఇచ్చట బురదలో బొర్లినవాడు లేచి మరల బరుగెత్తును.

దేశముల నడుమ జరిగిన మొదటి రగ్బీ పందెము 1871వ సంవత్సరమున ఈ ఎడింబరోలోనే, రేబర్న్ ప్లేసు అను మైదానమున జరిగినది. స్కాట్లండు, ఇంగ్లండులు ప్రతి వత్సరము పోరాడు కలకత్తా కప్పునకును మన దేశమునకును సంబంధము కలదు. కలకత్తాలో 1873వ సంవత్సరారంభమున దొరలు స్థాపించుకొనిన క్లబ్బు అయిదాఱేండ్లకే క్షీణింపగా, వారు బ్యాంకిలోని తమ వెండి రూపాయలను దీసి, కరగించి, యీ పాత్రను చేయించిరి. దాని పిడులు నాగుబాములు, మూతమీద ఏనుగు. 1879 మొదలు దానికై యాడుచున్నారు. మా క్లబ్బు ముసలివాడొకడు నేను భారతీయుడనని తెలిసికొని మొట్టమొదట నాకు జెప్పిన కథ యిదియే.

మా క్లబ్బునకు వెండి లేదు. 1995వ సంవత్సరమున పెద్ద రగ్బీ వృత్తిక్రీడగా మారినను, ఆ ధనము మావంటివారి గడప ద్రొక్కలేదు. ఆటగాండ్రే చందా లిచ్చి యాడుదురు. వారిలో ఒకడు రొట్టెల దుకాణమువాడు, ఒకడు బడిపంతులు, ఇద్దరు వైద్యవిద్యార్థులు. 43 ఏండ్ల నీటిగొట్టముల మేస్త్రి యొకడు ప్రాపు స్థానమున నాడును. ‘స్క్రమ్’ అనునపుడు ఇరుపక్షములనుండియు ఎనమండ్రేసి మూడు వరుసలుగా వంగి, తలలు దూర్చి, యెడ్లవలె నెట్టుకొందురు గదా, ఆ మొదటి వరుస యంచులందు నిలుచువాడే ప్రాపు. ఆ భారమంతయు వాని మెడమీద బడును. శిక్షణ లేనివాని నచ్చట నిలుపగూడదని నియమము. నిలిపినచో మెడ విఱుగవచ్చును. ఆ సంవత్సరముతో నాట మానెదనని ఆ మేస్త్రి భార్యకు మాట యిచ్చియుండెను. వాని స్థానమున నిలువదగినవాడు మాకు మఱియొకడు లేడు.

నేను ఆటగాడను గాను. ఇట్టి లీగులలో రిఫరీ యొక్కడే బయటినుండి వచ్చును. ప్రక్కగీతల యొద్ద జెండా పట్టుటకు ప్రతి క్లబ్బును తనవాని నొకని నీయవలెను; దానినే టచ్ జడ్జి పని యందురు. బంతి గీత దాటినదా లేదా చూచి చెప్పుటయే గాక, గోలునకు దన్నునపుడు ఇరువైపుల జడ్జీలును కంబముల క్రింద నిలిచి, బంతి నడుమనుండి పోయినచో జెండా లెత్తవలెను. తనవారు గెలువవలెనని కోరుచునే పరులకును న్యాయము చెప్పవలసిన పని యిది.

ఆ దినమున మా స్థితి యిట్లున్నది. గెలుపునకు 4 పాయింట్లు, సరిసమానమునకు 2. నాలుగు ట్రైలు చేసినవారికి అదనముగా 1. ఓడినను 7 లేక అంతకు దక్కువ తేడాతో నోడినవారికి 1. మేము పట్టికలో చివర నుంటిమి. మా పైనున్న క్లబ్బువారికిని మాకును లీగు పాయింట్లు సమానమే, గాని చేసిన స్కోరులలో వారిది పైచేయి. ఇదియే కడపటి పందెము. చివరివారు క్రింది శ్రేణికి దిగవలెను. దిగినచో పడుచువారు వేఱు క్లబ్బుల కేగుదురని అందఱికిని దెలియును. అంతకు ముందటి శీతకాలముననే 15 మంది పోగుగాక యొక పందెమును వదలుకొనవలసి వచ్చినది. ఈసారి బస్సులో లెక్కింపగా ఆటగాండ్రు 17 మంది తేలిరి.

మా బస్సు దక్షిణముగా సూట్రా కొండ నెక్కెను. అచ్చట 12వ శతాబ్దమున సన్న్యాసులు బాటసారులకును రోగులకును గట్టిన ఆతురశాల యొకటి యుండెడిది. నేడు చిన్న రాతిగది మాత్రము మిగిలినది. కొండమీద మంచుతో గలసిన వాన. దిగునప్పటికి ఎయిల్డన్ కొండల మూడు శిఖరములు కానవచ్చెను. ట్వీడ్ నదీప్రాంతమందలి యీ పట్టణములలో రగ్బీ మన పల్లెల తిరునాళ్లవలె నుండును. ఏడుగురేసి యాడు పొట్టి రగ్బీ 1883వ సంవత్సరమున ఈ సీమలోని మెల్రోసులోనే పుట్టినది. మేము దిగిన పట్టణమున పాలవాడు మొదలు పంతులు వఱకు అందఱును గట్టుమీద నుండిరి. ముసలమ్మలు సయితము రిఫరీకి నియమములు బోధించుచుండిరి.

మూడు గంటలకు పందెము మొదలయ్యెను. మొదటి సగమును గూర్చి విస్తరించి వ్రాయుట నా కిష్టము లేదు. గాలి వారి వెనుక నుండెను, పాయింట్లును వారివే. రెండవ సగమున మావారు రెండు ట్రైలు చేసిరి. అయినను 70 నిమిషములు గడచునప్పటికి వారు 22, మేము 12. వారు చేసినవి మూడు ట్రైలు. నాల్గవది చేసినచో వారికి అదనపు పాయింటు గలదు గావున, గెలుపు చేతిలో నున్నను వారు విడువక మా గీత మీదికి వచ్చి పడిరి.

మా గీతకు అయిదు మీటర్ల యెదుట స్క్రమ్ పడెను. మేస్త్రి అప్పటికే కుంటుచున్నాడు. వాడు బయటికి బోయినచో నియమము ననుసరించి ఇక నెట్టుడు లేని స్క్రమ్ములే. నాయకుడు వచ్చి పోయెదవా యని యడిగెను. వాడు తల యూపలేదు, మాటాడలేదు, వంగి తన చోటున నిలిచెను. పదునాఱుగురి యూపిరి ఆవిరియై పైకి లేచుచుండెను. మొదటి నెట్టునకు మావా రొక యడుగు వెనుకకు జారిరి. పిమ్మట వారి వరుసలో నెవడో మోకాలిపై గూలెను. రిఫరీ యీల యూది మావైపు చేయి చూపెను.

బంతిని దూరముగా దన్ని, మఱల గుంపుగా దానిని మోసికొనుచు మావారు మైదానము నడుమ దాటిరి. ఎదుటివాడొకడు ఆ గుంపును లాగి పడవేసెను. పెనాల్టీ! అప్పటికి 80 నిమిషములును నిండినవి. మా నాయకుడు కంబములను జూపెను.

చూచుటకు వచ్చిన యొక బాలుడు, “ఓడుచుండియు మూడు పాయింట్ల కేల తన్నుచున్నారు?” అని తండ్రి నడిగెను. పది తేడా యేడగును. ఏడైనచో మా కొక పాయింటు. ఓటమిని కొలిచి తగ్గించుకొనుట పౌరుషమా యని కొందఱు పరిహసింపవచ్చును గాని, 43 ఏండ్లవాడు ఒంటికాలితో నిలిచిన పిమ్మట ఆ పాయింటును వదలుట నా మతమున గర్వమే గాని పౌరుషము గాదు.

తన్నువాడు బంతిని నిలుపగానే గట్టుమీద సద్దు మణగెను. పరపక్షమువాడు తన్నునపుడు నోరు మెదపకుండుట ఆ సీమవారి యాచారము. కుడికంబము క్రింద నేను, ఎడమకంబము క్రింద వారి జడ్జి. ఆయన తెల్లని మీసముల వృద్ధుడు. వారి క్లబ్బున 50 ఏండ్లనుండి యున్నవాడట. బంతి లేచి, గాలికి వంగి, ఎడమకంబపు కొన దాపున బోయెను. లోపలనో వెలుపలనో నేనున్న చోటునుండి నాకు గానరాలేదు. అది ఆయన కంబము. ఆయన కన్నే ప్రమాణము. రిఫరీకిని తెలిసినట్లు లేదు, ఆయనవైపే చూచుచుండెను. ఆయన యాలోచింపలేదు. నా జెండా లేవకముందే ఆయన జెండా తలమీదికి లేచెను.

22–15. వారు రెండు వరుసలుగా నిలిచి చప్పట్లు గొట్టుచు నడుమనుండి మమ్ము బంపిరి. మావారును వారి కట్లే చేసిరి. పిమ్మట వారి క్లబ్బు గదిలో వేడి సూపును, మాంసపు వంటకమును బెట్టిరి. ఆతిథ్య మిచ్చువారే మొదట అతిథులకు వడ్డింపవలెనట. వారి నాయకుడే గరిటె పట్టెను. నేనా వృద్ధుని యొద్ద గూర్చుండి, బంతి నిజముగా లోపలినుండియే పోయినదా యని యడిగితిని. ఆయన నావంక వింతగా జూచి, “జెండా యెత్తితిని గదా” అని సూపు త్రాగుచుండెను.

తిరుగు బస్సు సూట్రా యెక్కుచుండగా నాయకుని సెల్‌ఫోనునకు వార్త వచ్చెను. మా పైనున్న క్లబ్బువారు పెద్ద తేడాతో నోడి యొక పాయింటైనను బొందలేదు. బస్సులో లేచిన కేకలకు వెనుక బల్లపై నిద్రించుచున్న మేస్త్రి మేలుకొని, ఏమి జరిగినదని యడిగెను. చెప్పిరి. వాడు కాలిమీది మంచుసంచిని సవరించుకొని, వచ్చే సెప్టెంబరున ప్రాపు స్థానమునకు ఎవరిని జూచితిరని నాయకు నడిగెను. నాయకుడు సమాధానము చెప్పక, తడిసిన అంగీలను సంచిలో గ్రుక్కుచు, ఉతుకు వంతు ఎవరిదని కేకవేసెను.