పిప్పరమెంటు డబ్బాకి వేల డాలర్లా!

అమ్మాయి పురుడుకనో, మనవడి పుట్టినరోజుకనో అమెరికా వెళ్ళి, న్యూయార్క్, న్యూజెర్సీల్లో నాలుగు నెలలు ఉండి వచ్చే తల్లులు మనలో చాలామందే కదా! ఈసారి వెళ్ళినప్పుడు మనవల్ని వెంటబెట్టుకుని కనెక్టికట్ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊరు చూసి రండి. న్యూహేవెన్ పక్కనే ఉంటుంది. న్యూయార్క్ నుంచి కారులో సుమారు రెండు గంటల దారి.

అక్కడేముందంటారా? పెజ్ పిప్పరమెంటు బిళ్ళల ఫ్యాక్టరీ! దానిలోనే 2011లో సందర్శకుల కోసం ప్రదర్శనశాల తెరిచారు. పనిరోజుల్లో వెళితే, బిళ్ళలు తయారవడం అద్దాల్లోంచి చూడొచ్చు. అసలు వేడుక మాత్రం బీరువాల నిండా పేర్చిన బొమ్మతలల డబ్బాలే. నాలుగంగుళాల సన్నటి ప్లాస్టిక్ డబ్బా, దానిమీద మిక్కీమౌస్ తలో, శాంతాక్లాజ్ తలో ఉంటుంది. తల వెనక్కి వంచితే మెడలోంచి ఒక బిళ్ళ బయటికొస్తుంది. ఒక్కోదాంట్లో 12 బిళ్ళలు పడతాయి.

ఈ బిళ్ళ పుట్టిల్లు ఆస్ట్రియాలోని వియన్నా. 1927లో ఎడ్వర్డ్ హాస్ అనే ఆయన పెద్దవాళ్ళ కోసం, ముఖ్యంగా సిగరెట్లు కాల్చేవాళ్ళ కోసం తయారుచేశాడు. పిప్పరమెంటుని జర్మన్ భాషలో ఫెఫర్‌మింట్స్ అంటారు. ఆ మాటలోని మొదటి, మధ్య, చివరి అక్షరాలు కలిపితే పెజ్ అయింది. 1949లో సిగరెట్ లైటరులాంటి డబ్బా వచ్చింది. 1952లో అమెరికా చేరాక, పెద్దలకంటే పిల్లలే నయమనుకుని పళ్ళ రుచులు కలిపారు, డబ్బాకి తలలు తగిలించారు.

ఇక ధరల సంగతి వినండి. 1972లో కళ్ళు, ముక్కు, మీసం విడివిడిగా అతికించుకునే బొమ్మ ఒకటి వచ్చింది. ఆ చిన్న ముక్కలు పిల్లల గొంతుకి అడ్డం పడతాయన్న భయంతో త్వరలోనే ఆపేశారు. అట్టమీద సీలు విప్పకుండా మిగిలినవి ఇప్పుడు వేల డాలర్లు పలుకుతాయి. 1982 నాటి నాక్స్‌విల్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన వ్యోమగామి బొమ్మైతే 2006లో సుమారు 32,000 డాలర్లకి అమ్ముడుపోయింది!

చూశారా తమాషా! పిల్లల కోసం చేసిన వస్తువు, ఏ పిల్లాడూ ముట్టుకోకపోతేనే విలువైందన్నమాట.

అక్కడి గరాజ్ సేల్స్‌లో పాత పెజ్ డబ్బా కనిపిస్తే అడుగుభాగం తిప్పి చూడండి. నిలబెట్టడానికి వీలుగా కింద పాదాలుంటే, అది 1987 తర్వాతది. పాదాలు లేకపోతే పాతది కావచ్చు. అలాగని వెంటనే డబ్బు తీయకండి సుమా! పాదాలు కోసేసి పాతదని అమ్మేవాళ్ళూ ఉంటారు. కోత గుర్తులున్నాయేమో వేలితో తడిమి చూడండి.

ప్రదర్శనశాల దుకాణంలో మనవడు ఒకటి కొనిపించుకుంటాడు. ‘విప్పకురా, దాచిపెట్టు, రేపు లక్షలొస్తాయి’ అనకండి. నాటి డబ్బాలకి గిరాకీ వచ్చింది, అందరూ ఆడి పారేయగా కొన్నే మిగిలాయి గనక. ఇప్పుడు దుకాణాల్లో గుట్టలుగా దొరికేవాటికి, వాటిని దాచేవాళ్ళూ బోలెడుమంది ఉన్నప్పుడు, ఆ ధర ఎక్కడినుంచి వస్తుంది? చక్కగా విప్పి వాడి చేతికివ్వండి. బిళ్ళ తిన్నాక నోరు పుక్కిలించమని మాత్రం మరవకుండా చెప్పండి!