అనంతగిరి ఎక్కనన్న మోకాలు

కార్తీకమాసంలో నేనూ, మా బావా విశాఖపట్నం నుంచి అరకుకు సైకిళ్ళమీద బయలుదేరాం. శృంగవరపుకోట చేరేసరికి నా కుడి మోకాటిచిప్ప సలపడం మొదలెట్టింది. ముసలితనమని బావ వేళాకోళం!

సైకిలు షాపు తాత మోకాలు చూడలేదు, సీటు చూశాడు. "ఇంత కిందకుంటే కాలు చాచడానికి చోటేదీ, బాబూ?" అంటూ రెండు వేళ్ళ ఎత్తు లేపాడు. పెడలు అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి. సీటు పల్లమైతే భారమంతా చిప్పమీదే.

ఘాటీలో దిగి నడవమనీ చెప్పాడు. నాకు నామోషీ. రెండు మలుపులు పళ్ళు బిగించి తొక్కాను. మూడోదాని దగ్గర మోకాలే దింపేసింది. ఇక తోసుకుంటూ నడిచాం. అప్పుడు కనిపించాయి, సిల్వరు ఓకు చెట్లకు పాకిన మిరియాల తీగలూ, ఆ నీడలో ఎర్రబడ్డ కాఫీ పళ్ళూ.

అనంతగిరిలో బావ ఆశగా కాఫీ అడిగాడు. కొట్టువాడు టీ ఇచ్చాడు.